కాలేజీ చదువును పరికరాలు లోతు చేశాయా, పలుచన చేశాయా?

స్లయిడ్‌రూలు మాస్టారు

ముప్పై అయిదేళ్ల పాటు ఇంజినీరింగు విద్యార్థులకు ఉష్ణ ప్రసారం పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా మనవరాలు ఇప్పుడు మూడో ఏడాదిలో అదే పాఠం చదువుతోంది. మొన్న ఒక సాయంత్రం ఆమె పక్కన కూర్చున్నప్పుడు చూసిన చిన్న సంగతి నన్ను ఈ చర్చకు పురికొల్పింది.

లెక్క చాలా సులభమైనది. 12 చదరపు మీటర్ల ఇటుక గోడ, మందం 230 మిల్లీమీటర్లు, లోపలి ముఖానికీ బయటి ముఖానికీ 20 డిగ్రీల తేడా, ఇటుక ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి 0.7 వాట్లు. గోడ గుండా ఎంత వేడి బయటికి పోతుంది? ఆమె ఫోనులో అంకెలు చకచకా కొట్టి, 0.7304347826 వాట్లు అని పది అంకెలూ పొల్లుపోకుండా నోటుపుస్తకంలోకి ఎక్కించి తరువాతి లెక్కకు వెళ్లిపోయింది. మిల్లీమీటర్లను మీటర్లలోకి మార్చడం మరిచిపోయింది. సరైన జవాబు 730 వాట్లు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, నాకూ జరిగేది. కాని అంత పెద్ద గోడ గుండా ఒక్క వాటు కూడా పోవడం లేదన్న జవాబును చూసినప్పుడు ఆమెకు అనుమానమే రాలేదు. నన్ను కలవరపెట్టింది అదే.

మేము చదువుకున్న రోజుల్లో చేతిలో స్లయిడ్ రూల్ ఉండేది. 1614లో గణితవేత్త నేపియర్ సంవర్గమానాలను (లాగరిథమ్‌లను) ప్రకటించిన కొన్నేళ్లకే పుట్టిన ఈ పలక, 1972లో హెచ్‌పీ-35 అనే చేతి కాలిక్యులేటర్ వచ్చేదాకా దాదాపు మూడున్నర శతాబ్దాలు లెక్కలు చేసేవారి చేతిలోనే ఉంది. చూడని వారి కోసం చెబుతున్నాను: దాని మధ్య పట్టీని జరిపితే గుణకారం కూడికగా మారిపోతుంది, జవాబులోని మొదటి మూడు అంకెలు మాత్రం తెలుస్తాయి. ఏడు, మూడు, సున్నా అని చెబుతుందే తప్ప అది 0.73 వాట్లా, 7.3 వాట్లా, 730 వాట్లా అన్నది చెప్పదు. దశాంశ బిందువు ఎక్కడ పడుతుందో విద్యార్థే తేల్చుకోవాలి. కాబట్టి పట్టీని ముట్టుకునే ముందే, ‘పైన 168 ఉంది, కింద దాదాపు పావు ఉంది, జవాబు ఆరేడు వందల దగ్గర ఉండాలి’ అని మనసులో ఒక లెక్క వేసుకునేవాళ్లం. ఆ అలవాటును ఎవరూ మాకు పాఠంగా చెప్పలేదు. పనిముట్టులోని లోపమే నేర్పింది.

నా వాదన ఇది. చదువులోకి వచ్చిన ప్రతి పరికరమూ విద్యార్థి చేతిలో నుంచి ఏదో ఒక పనిని తీసుకుంది. అలా పోయిన పనుల్లో కొన్ని వట్టి చాకిరీ, కొన్ని అసలు చదువే. ఏది ఏదో తరచి చూడకుండా రెండింటినీ కలిపి వదిలించుకున్నాం. అందువల్ల ఈ తరం చదువు వెడల్పయింది కాని పలచబడింది. కాదనేవారు చెప్పండి, వింటాను.

నకలుయంత్రం

మాస్టారు గారూ, గోడ లెక్క బాగుంది, కాని మీరు మీ తరపు సాక్ష్యాలన్నీ చెప్పలేదు. వట్టి చాకిరీ అని ఒక్క మాటతో దాటేసిన భాగం మీ రోజుల్లో చదువులో ఎంత వంతు ఉండేదో నేను చెబుతాను. నేను 1980ల చివర్లో డిగ్రీ చదివాను. మా తరగతి మొత్తానికి గ్రంథాలయంలో ఒక ముఖ్యమైన పుస్తకం ప్రతులు రెండే ఉండేవి. వాటిని ఇంటికి ఇచ్చేవారు కాదు. సాయంత్రం రెండు గంటల పాటు ఒకరి తరువాత ఒకరం తీసుకుని, ఆ రెండు గంటల్లో చదవడం మానేసి పేజీలకు పేజీలు చేతితో ఎత్తి రాసుకునేవాళ్లం. వేరే ఊరి గ్రంథాలయంలో ఉన్న ఒక పరిశోధన వ్యాసం కోసం దరఖాస్తు పెట్టి ఆరు వారాలు ఎదురుచూశాను. అది వచ్చాక తెలిసింది, నాకు కావలసిన వ్యాసం అది కాదని. ఆ ఆరు వారాల నిరీక్షణ నాకు నేర్పిన విద్య ఏమీ లేదు.

అందుకే నా దృష్టిలో కాలేజీ చదువును అన్నిటికంటే ఎక్కువగా మార్చిన యంత్రం కంప్యూటర్ కాదు, ఫోటోకాపీ యంత్రం. 1959లో జిరాక్స్ 914 మార్కెట్టులోకి వచ్చాక, ఆ తరహా యంత్రాలు మెల్లమెల్లగా ప్రతి గ్రంథాలయం మూలకూ చేరాయి. పుస్తకంలోని మాట విద్యార్థి ఇంటికి రావడం అక్కడే మొదలైంది. దాని గురించి ఎవరూ ఇంత బాధపడలేదు, బహుశా అది తెలివైన యంత్రంలా కనిపించకపోవడం వల్ల.

ఇంకొకటి. ఇంగ్లీషులో లెక్చర్ అనే మాటకు లాటిన్ మూలంలో చదవడం అనే అర్థం ఉంది. ముద్రణ లేని కాలంలో విద్యార్థుల దగ్గర పుస్తకం ఉండేది కాదు కనుక గురువు తన ప్రతిని పైకి చదివేవాడు, శిష్యులు రాసుకునేవారు. పదిహేనో శతాబ్దం మధ్యలో గూటెన్‌బర్గ్ అచ్చు యంత్రం వచ్చి ఆ అవసరాన్ని తీర్చేసింది. అయినా అయిదు వందల ఏళ్ల తరువాత నా తరగతిలోనూ అంచులు పసుపెక్కిన కాగితాలు చూసి చదివే అధ్యాపకుడూ, తల ఎత్తకుండా రాసుకునే మేమూ ఉన్నాం. పరికరాలు పాడుచేశాయని మీరంటున్న ఆ లోతైన చదువు అప్పట్లో ఎంతమందికి దక్కింది? దక్కనివారు రెండో ఏడాదిలోనే చదువు మానేశారు. వారు ఈ చర్చలోకి వచ్చి తమ జ్ఞాపకాలు చెప్పరు.

రెండో ఏడాది

ఇక్కడ ఇప్పుడు చదువుతున్నది నేనొక్కణ్ణే అనుకుంటాను, కాబట్టి మా సంగతి నేను చెప్పడం న్యాయం.

మాత్రికల (అంకెల పట్టికల) పాఠంలో ఐగెన్ సదిశలు అనే భావన వస్తుంది. తరగతిలో నిర్వచనం రాశారు, సమీకరణం సాధించారు, మూడు లెక్కలు చేయించారు. నేను లెక్కలు చేయగలిగాను కాని అది దేని గురించో తెలియలేదు. ఆ రాత్రి ఒక చిన్న ప్రోగ్రాం దొరికింది. తెర మీద బాణపు గుర్తును వేలితో తిప్పుతుంటే, మాత్రిక దాన్ని ఎక్కడికి తీసుకెళుతుందో రెండో బాణం చూపిస్తుంది. రెండు బాణాలూ వేర్వేరు దిక్కుల్లో పోతూ పోతూ, ఒకచోట హఠాత్తుగా ఒకే గీత మీదికి వచ్చాయి. ఇంకొంచెం తిప్పితే మళ్లీ విడిపోయాయి. నాలుగైదు సార్లు ముందుకూ వెనక్కూ తిప్పి చూశాను. తరగతిలో రాసుకున్న సమీకరణం చెబుతున్నది ఇదేనా అని అప్పుడు అర్థమైంది. నల్లబల్ల మీద ఎంత గొప్ప అధ్యాపకుడు గీసినా ఆ బొమ్మ కదలదు కదా, మాస్టారు గారూ.

అయితే నిజాయితీగా ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నా కంప్యూటర్లో ఈ ఏడాది పాఠాలకు సంబంధించినవే రెండు వందలకు పైగా పీడీఎఫ్‌లు ఉన్నాయి. వాటిలో సగం తెరవలేదు. వీడియో పాఠాలను ఒకటిన్నర రెట్లు వేగం పెట్టి వింటాను, వింటున్నంతసేపూ అంతా అర్థమవుతూనే ఉంటుంది. మొన్నటి పరీక్షలో ఒక ఉపపత్తి అడిగారు. అదే ఉపపత్తిని వీడియోలో మూడుసార్లు చూశాను. కాగితం మీద మొదటి వాక్యం దాటి ముందుకు వెళ్లలేకపోయాను. పుస్తకంలోని విద్య పరుల చేతిలోని ధనం లాంటిదని పెద్దలు అంటారు. నా ధనమంతా ఆ రెండు వందల పీడీఎఫ్‌లలో క్షేమంగా ఉంది.

ఒక ప్రశ్న మాత్రం అడగనివ్వండి. మీ రోజుల్లో ప్రయోగశాల రికార్డులను సీనియర్ల రికార్డు చూసి ఎవరూ దించలేదా?

స్లయిడ్‌రూలు మాస్టారు

దించాం. నేనూ దించాను. ఒకసారి సీనియర్ చేసిన తప్పుతో సహా దించి పట్టుబడ్డాను.

ఆధారమేది

ఇప్పటివరకు అందరూ సొంత అనుభవాలే చెప్పారు. అవి విలువైనవే, కాని అనుభవం ఎప్పుడూ చెప్పేవారి వైపే మొగ్గుతుంది. ఇలాంటి ప్రశ్నల మీద జరిగిన ప్రయోగాలు కొన్ని ఉన్నాయి, అవి ఎవరి పక్షానా పూర్తిగా నిలబడవు.

చేతితో రాసుకోవడమే మేలనే వారు తరచు 2014లో మనస్తత్వ శాస్త్ర పరిశోధకులు మ్యూలర్, ఓపెన్‌హైమర్ ప్రచురించిన అధ్యయనాన్ని చూపిస్తారు. లాప్‌టాప్‌లో నోట్స్ రాసుకున్న విద్యార్థులు వక్త మాటలను ఉన్నవి ఉన్నట్టు ఎక్కువగా ఎక్కించుకున్నారనీ, భావనలను పరీక్షించే ప్రశ్నల్లో వెనకబడ్డారనీ అది చెప్పింది. అది బాగా ప్రచారమైంది. కాని 2019లోనూ 2021లోనూ ఇతరులు అదే ప్రయోగాన్ని తిరిగి చేసినప్పుడు ఆ తేడా అంత స్పష్టంగా కనిపించలేదు. ఈ రెండో మాటను చెప్పేవారు తక్కువ.

అటు సాంకేతికత అన్నిటినీ మార్చేస్తుందనే వారి సంగతి చూద్దాం. హార్వర్డ్, ఎంఐటీ కలిసి 2012లో ఉచిత ఆన్‌లైన్ కోర్సులు మొదలుపెట్టాయి. మొదటి ఏడాదిలో 17 కోర్సులకు 8,41,687 నమోదులు జరిగాయి, ధ్రువపత్రాలు అందుకున్నవారు 43,196 మంది. అంటే వందకు అయిదు. కేవలం ఆసక్తితో తొంగిచూసి పోయినవారు చాలామంది ఉంటారు కనుక దీన్ని వైఫల్యం అని కొట్టివేయలేం. కాని కాలేజీ అనేదే ఇక అక్కరలేదని ఆ రోజుల్లో వినిపించిన జోస్యం మాత్రం నిలబడలేదు. పాఠశాలల్లో పుస్తకాల స్థానాన్ని సినిమా ఆక్రమిస్తుందని ఎడిసన్ 1913లోనే జోస్యం చెప్పాడు. ఈ వరుస పాతదే.

రెండో ఏడాది వారు చెప్పిన ‘చూస్తే అర్థమైంది, రాయబోతే రాలేదు’ అన్న అనుభవానికి మాత్రం గట్టి వివరణ ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న గద్యభాగాన్ని విద్యార్థులకు ఇచ్చి, కొందరి చేత దాన్ని మళ్లీ చదివించారు, మిగిలినవారి చేత పుస్తకం మూసి గుర్తున్నంత రాయించారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారే ముందున్నారు: వారికి 81 శాతం, రాసినవారికి 75 శాతం. వారం తరువాత చదివినవారు 42 శాతానికి పడిపోయారు, రాసినవారు 56 దగ్గర ఆగారు. వీడియోను మూడోసారి చూడడం మళ్లీ చదవడం లాంటిదే. అప్పటికప్పుడు పట్టు చిక్కినట్టే ఉంటుంది, అందుకే మోసపోతాం.

2019లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లో జరిగిన మరో ప్రయోగం దీనికి తోడు. చక్కని ఉపన్యాసం విన్న విద్యార్థులు తాము ఎక్కువ నేర్చుకున్నామని చెప్పారు. తమంతట తాము లెక్కలతో కుస్తీ పట్టిన తరగతివారు తక్కువ నేర్చుకున్నామని చెప్పారు. పరీక్ష పెడితే ఫలితం తలకిందులైంది. ఉపన్యాసాలకూ, విద్యార్థుల చేత పని చేయించే తరగతులకూ ఉన్న తేడా మీద 225 అధ్యయనాలను కలిపి 2014లో లెక్క కట్టినప్పుడు, ఉపన్యాసాల తరగతుల్లో 33.8 శాతం, రెండో రకం తరగతుల్లో 21.8 శాతం విద్యార్థులు తప్పారు. గమనించండి, ఇక్కడ తేడా తెచ్చింది ఏ పరికరమూ కాదు, తరగతి గంటలో విద్యార్థి చేత ఏం చేయించారన్నదే.

చెవిచదువు

మీ అందరి చర్చలో విద్యార్థి అంటే చూపు ఉన్నవాడే. నేను పుట్టుకతో చూపు లేనివాణ్ణి. చరిత్రలో ఎం.ఏ. చేశాను. తరాల మార్పు అన్న మాటకు నా దగ్గర ఉన్న అర్థం వేరు.

నాకంటే పాతికేళ్లు పెద్దవారైన, నాలాగే చూపు లేని ఒక అధ్యాపకుడు తాను చదువుకున్న తీరు నాకు చెప్పేవారు. బ్రెయిలీలో కాలేజీ పుస్తకాలు దొరికేవి కావు. స్నేహితులు ఎవరైనా తీరిక చేసుకుని క్యాసెట్టులో చదివి పెడితే అదే పాఠ్యపుస్తకం. చదివినవారు విసుగుతో రెండు పేరాలు దాటవేస్తే ఆ రెండు పేరాలు ఆయన లోకంలో లేనట్టే. 45వ పేజీలోని ఒక తేదీ కావాలంటే క్యాసెట్టును వెనక్కి తిప్పుతూ, ఆపుతూ, వింటూ పది నిమిషాలు వెతకాలి. పరీక్షలో ఆయన చెప్పింది రాసేవారు దొరక్క ఒక ఏడాది పోయిందట. అచ్చు పేజీని పైకి చదివే కుర్జ్‌వైల్ యంత్రం 1976లోనే వచ్చినా, అలాంటిది ఒకటుందని కూడా ఆయన చాలా ఏళ్ల వరకు వినలేదు.

నేను చేరేనాటికి తెర మీది అక్షరాలను పైకి చదివే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ ఉంది. 2006లో దాన్ని మొదలుపెట్టినవారు తామూ చూపు లేనివారే. దానితో నేను పుస్తకాన్ని శీర్షిక నుంచి శీర్షికకు దూకుతూ, మాట పెట్టి వెతుకుతూ, మామూలు మనిషికి పురుగుల రొదలా వినిపించే వేగంతో వింటాను. మొదటిసారి ఒక వ్యాసంలోని అధోజ్ఞాపికను (ఫుట్‌నోట్‌ను) నేనే వెతికి పట్టుకుని, అది చూపిన మూలగ్రంథంలోకి వెళ్లి, వ్యాసకర్త దాన్ని తప్పుగా ఉటంకించాడని కనిపెట్టిన రోజు నాకు ఇంకా గుర్తుంది. ఒకరు చదివి పెట్టగా వినేవాడికి ఆ పని సాధ్యం కాదు. మాస్టారు గారి మాటల్లో చెప్పాలంటే, పరికరం నా చేతిలో నుంచి పనిని తీసుకోలేదు, నాకు మొదటిసారి ఇచ్చింది.

అలాగని అంతా బాగుందని కాదు. పుస్తకాన్ని ఫోటో తీసి పీడీఎఫ్‌గా పెట్టి, అందరికీ అందుబాటులో ఉంచామనుకునే అధ్యాపకులు ఇంకా ఉన్నారు. అందులో అక్షరాలు లేవు, బొమ్మ ఉంది. నాకది తెల్ల కాగితమే. గణితం చదివే నా మిత్రుల పరిస్థితి ఇంకా కష్టం. సూత్రాలను యంత్రం చదవగలిగేలా రాసే మ్యాథ్‌ఎంఎల్ పద్ధతి 1998 నుంచీ ఉన్నా, ఇవాళ్టికీ సూత్రాన్ని బొమ్మగా అతికించేవారే ఎక్కువ. పరికరం ఉండడం ఒకటి, దాన్ని దృష్టిలో పెట్టుకుని పాఠం తయారుచేయడం ఇంకొకటి.

నకలుయంత్రం

చెవిచదువు గారు చెప్పినదాని తరువాత నేను కలిపేది పెద్దగా లేదు. ఒక్క మాట. రాత వస్తే జ్ఞాపకశక్తి నశిస్తుందని సోక్రటీసు వాపోయినట్టు ప్లేటో రాశాడు. ప్రతి తరమూ కొత్త పనిముట్టును చూసి ఇలాగే భయపడుతుంది.

ఎర్రసిరా

ప్లేటో ఉదాహరణ ఈ చర్చల్లో ఎప్పుడూ వస్తుంది, ఎప్పుడూ ఒకే వైపు వాడుకుంటారు. ఆ భయం అబద్ధమేమీ కాదు. రాత వచ్చాక ధారణ నిజంగానే తగ్గింది. బేరం మనకు లాభించింది, అంతే. ప్రతి బేరమూ అలాగే లాభిస్తుందని దాని నుంచి తేలదు.

నేను ప్రస్తుతం తరగతులు చెబుతున్నదాన్ని. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైన తరువాత నా ఉద్యోగం మారిన తీరు చెబుతాను. అంతకుముందు వచ్చిన పరికరాలన్నీ జవాబుకు కావలసిన ముడిసరుకును తెచ్చి ఇచ్చేవి: పుస్తకం, వ్యాసం, అంకె. ఇది జవాబునే వండి వడ్డిస్తుంది. ఒక సెమిస్టరులో నేను ఇచ్చిన వ్యాసానికి వచ్చిన సమాధానాల్లో నలుగురు విద్యార్థులు ఒకే పరిశోధన పత్రాన్ని ఉటంకించారు. శీర్షిక చక్కగా ఉంది, సంచిక సంఖ్య ఉంది. వెతికితే అటువంటి పత్రమే లేదు. నలుగురినీ విడివిడిగా పిలిచి ఆ పత్రం ఏం చెబుతుందని అడిగితే ముగ్గురు మౌనంగా ఉన్నారు, నాలుగో అమ్మాయి మాత్రం ‘మేడం, నేను రాసింది నేనే చదవలేదు’ అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. వ్యాసం రాయమనడంలో నా ఉద్దేశం వ్యాసం కాదు కదా. రాసే క్రమంలో ఆమె ఏ వాక్యం దగ్గర తడబడి, ఆగి, ఆలోచిస్తుందో అది. ఆ తడబాటే మాయమైంది.

యంత్రం రాసిందో మనిషి రాశారో చెప్పే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా అంటారు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ తాను విడుదల చేసిన అటువంటి సాధనాన్ని, అది సరిగా పట్టుకోలేకపోతున్నదని, 2023 జులైలో తానే వెనక్కి తీసుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటి ఏడు సాధనాలను పరీక్షిస్తే, ఇంగ్లీషు మాతృభాష కానివారు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగటున సగానికి పైగా యంత్రం రాసినవేనని తేల్చాయి. మన విద్యార్థుల్లో అమాయకులకు శిక్ష పడే దారి అది. నేను వాడను.

నేను చేసిందల్లా వ్యాసం ఇచ్చాక అయిదు నిమిషాల మౌఖిక పరీక్ష పెట్టడం. ఫలితం బాగుంది. కాని నా తరగతిలో 120 మంది ఉన్నారు. అయిదు నిమిషాల చొప్పున 600 నిమిషాలు, పది గంటలు. ఏడాదికి నాలుగు వ్యాసాలైతే నలభై గంటలు. ఆ గంటలకు నా పనివేళల పట్టికలో చోటు లేదు. పరికరం విద్యార్థి సమయాన్ని ఆదా చేసింది, ఆ ఆదా నా నెత్తిన ఖర్చుగా పడింది. యాజమాన్యాలు కొత్త సాఫ్ట్‌వేర్ కొనడానికి చూపే ఉత్సాహం ఇంకో అధ్యాపకురాలిని నియమించడానికి చూపవు.

ఆధారమేది

ఎర్రసిరా గారు చెప్పిన దానికి దగ్గరగా ఉన్న ఒక ప్రయోగం ఉంది. అది జరిగింది కాలేజీలో కాదు, తుర్కియే (టర్కీ)లో ఒక ఉన్నత పాఠశాలలో, దాదాపు వెయ్యి మంది గణిత విద్యార్థుల మీద. మామూలు చాట్ యంత్రం చేతికిచ్చినప్పుడు అభ్యాసం లెక్కల్లో వారి మార్కులు 48 శాతం పెరిగాయి. యంత్రం తీసేసి పరీక్ష పెడితే, అసలు దాన్ని ముట్టుకోనివారి కంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. జవాబు చెప్పకుండా అధ్యాపకులు ముందే రాసిపెట్టిన సూచనలు మాత్రమే ఇచ్చేలా యంత్రాన్ని మలిచినప్పుడు ఆ నష్టం చాలావరకు పోయింది. యంత్రం ఒకటే, అది విద్యార్థికి వదిలిపెట్టిన పని వేరు.

రెండో ఏడాది

మౌఖిక పరీక్ష అంటే నాకు వణుకు. తెలిసినది కూడా నోట రాదు. రాయడంలో నెమ్మదిగా ఆలోచించేవారికి అది అన్యాయం చేస్తుందని మేడం గారికి మనవి. అయినా జవాబును వండి వడ్డించే యంత్రం గురించి మీరన్నది కాదనలేను. అర్ధరాత్రి ఒంటిగంటకు, పొద్దున్నే ఇవ్వవలసిన పని ఎదురుగా ఉన్నప్పుడు, సూచన మాత్రమే అడిగి ఆగిపోయే నిగ్రహం నాకు తెలిసిన వారిలో ఎవరికీ లేదు.

స్లయిడ్‌రూలు మాస్టారు

చెవిచదువు గారు రాసినది రెండుసార్లు చదివాను. ప్రతి పరికరమూ పనిని తీసుకుందని నేను రాసిన వాక్యం తప్పు. నా తరగతుల్లో చూపు లేని విద్యార్థి ముప్పై అయిదేళ్లలో ఒక్కరూ లేరు. ఎందుకు లేరని నేను ఎన్నడూ అనుకోలేదు. ఆ ఆలోచన ఇప్పుడు నన్ను కొంచెం ఇబ్బంది పెడుతోంది. నకలుయంత్రం గారన్న ఆరు వారాల నిరీక్షణను కూడా నేను సమర్థించబోను.

అయితే గోడ లెక్క దగ్గర మాత్రం వెనక్కి తగ్గను. జవాబు ఏ స్థాయిలో ఉండాలో ముందే ఊహించడం చాకిరీ కాదు, అదే ఇంజినీరు పని. కాలిక్యులేటర్ దాన్ని నిషేధించలేదు, అవసరం లేకుండా చేసింది, మేము అధ్యాపకులం దాన్ని తిరిగి అవసరం చేయలేదు. తప్పు మాది కూడా. మొన్న మనవరాలికి జవాబు తప్పని నేను చెప్పలేదు. చేతిదీపంలో చిన్న బల్బు ఎన్ని వాట్లు ఉంటుందో అడిగాను. ఒకటో రెండో అంది. మరి ఈ గోడ అంతా కలిపి అంతకంటే తక్కువ వేడినే పోనిస్తుందా అన్నాను. రెండు క్షణాలు చూసి, నవ్వి, మూడు సున్నాలు ఎక్కడ పోయాయో తానే పట్టుకుంది. ఇప్పుడు ఆమె నోటుపుస్తకంలో ప్రతి లెక్క పక్కనా ఒక గడి గీసుకుని, ఫోను తీయక ముందు అందులో పెన్సిలుతో అంచనా వేస్తోంది. ఎన్నాళ్లు చేస్తుందో తెలియదు.

రెండో ఏడాది

ఆ గడి నేనూ వారం రోజులు గీసి చూశాను. పద్నాలుగు లెక్కల్లో నా అంచనా దరిదాపుల్లోకి వచ్చినవి అయిదే. సిగ్గుగానే ఉంది. కాని ఒకచోట నా అంచనా సరైంది, యంత్రం తప్పింది. సైన్ 30 డిగ్రీలు ఉన్న లెక్కలో సగం వస్తుందని గడిలో రాసుకున్నాను, కాలిక్యులేటర్ మైనస్ 0.988 చూపించింది. అది కోణాన్ని డిగ్రీల్లో కాక రేడియన్లనే వేరే కొలతలో తీసుకుంటోంది. గడి లేకపోతే ఆ మైనస్‌తో సహా దించేసి ఉండేవాణ్ణి.

మాస్టారు గారూ, ఒకటి అడగాలి. మామూలు గుణకారాలూ భాగహారాలూ అయితే మీరు చెప్పినట్టు అంచనా వేయగలుగుతున్నాను. ఘాతీయ ప్రమేయం వస్తే చేతులెత్తేస్తున్నాను. చల్లబడే వస్తువు లెక్కలో ‘ఈ’ (e, సహజ సంవర్గమానాల ఆధార సంఖ్య) ఘాతం మైనస్ 7 వచ్చింది. యంత్రం ముట్టకుండా దాన్ని ఎలా ఊహించాలి?

స్లయిడ్‌రూలు మాస్టారు

పదికి సహజ సంవర్గమానం సుమారు 2.3, అంటే ‘ఈ’ ఘాతం 2.3 దాదాపు పది అని ఒక్కటి గుర్తుంచుకోండి. ఘాతాన్ని 2.3తో భాగిస్తే పది ఘాతం వస్తుంది. ఏడును 2.3తో భాగిస్తే మూడు కంటే రవ్వంత ఎక్కువ. కాబట్టి పది ఘాతం మైనస్ 3, అంటే వెయ్యో వంతు కంటే కొంచెం తక్కువ. గడిలో 0.0009 అని రాసుకుని, అప్పుడు యంత్రం తీయండి.